సమాధానం: 529 తర్వాత అరిస్టాటిల్ ఏ దారిన వచ్చాడు?

ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ గ్రంథాల దారి క్రీ.శ. 529లో ఏథెన్స్ తత్త్వశాస్త్ర బడి మూతతోనే తెగిందని మీ టైమ్‌లైన్‌లో చూపారు. అది తెగింది ఏథెన్స్ దగ్గర కాదు, భాష దగ్గర. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఆంక్షలతో అక్కడి బడి మూతపడింది, నిజమే. కానీ ఆయన రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో అరిస్టాటిల్ పుస్తకాలు చదువుతూనే ఉన్నారు. పశ్చిమ ఐరోపాలో కరువైంది గ్రీకు వచ్చినవాళ్లు.

"మరి 13వ శతాబ్దంలో అక్వినాస్ చేతికి ఎలా చేరాడు?" అన్నారుగా (అక్వినాస్ అంటే ఆ కాలపు క్రైస్తవ తత్త్వవేత్త), ఇలా పేర్చుకోండి:

1. 6వ శతాబ్దం మొదట్లో రోమన్ పండితుడు బొయెథియస్ అరిస్టాటిల్ తర్కగ్రంథాలు కొన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. చాలాకాలం అవే దిక్కు.

2. అందరూ దాటేసే మెట్టు బాగ్దాద్. 9వ శతాబ్దంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ బృందం గ్రీకు గ్రంథాలను సిరియాక్, అరబీ భాషల్లోకి మార్చింది. తర్వాత స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన ఇబ్న్ రుష్ద్ (1126–1198) అరిస్టాటిల్‌కి వ్యాఖ్యానాలు రాశాడు. కాళిదాసుకు మన మల్లినాథుడు ఎలాగో, అలాగన్నమాట. అక్వినాస్ రాతల్లో పేరు చెప్పకుండా "తత్త్వవేత్త" అంటే అరిస్టాటిల్, "వ్యాఖ్యాత" అంటే ఇబ్న్ రుష్ద్. అక్వినాస్‌ను చదువుతూ ఎవరో అర్థంకాలేదని మీరన్న "వ్యాఖ్యాత" ఆయనే.

3. స్పెయిన్‌లోని టొలెడోలో క్రెమోనా జెరార్డ్ (మరణం 1187) అరిస్టాటిల్ గ్రంథాలు కొన్ని అరబీ నుంచి లాటిన్‌లోకి తెచ్చాడు.

4. 13వ శతాబ్దంలో మోర్బెకె విలియం నేరుగా గ్రీకు నుంచే అనువదించాడు.

ప్లేటోను ఈ వరసలో కలపకండి. ఆయన సంభాషణలన్నీ లాటిన్‌లో అచ్చయింది 1484లో, ఇటలీ పండితుడు ఫిచీనో చేతిమీదుగా.