సార్టెక్సు కంటే ముందు జట్టు మేస్త్రీ

చి॥ మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

బియ్యం మిల్లులో రంగు మారిన గింజని ఏరేసే సార్టెక్సు మిషను పెట్టి, లెక్కలన్నీ కంప్యూటరుకి ఎక్కిస్తానన్నావు. మంచిదే. రెండూ ఒకే నెలలో అన్నావు చూడు, అది మాత్రం వద్దు. బియ్యం దిగుబడి తగ్గితే తప్పు మిషనుదో లెక్కదో తేలదు. మిషను ముందు కానివ్వు. అది కుదురుకున్న మూడు నెలలకి కంప్యూటరు.

నవంబరు, డిసెంబరుల్లో సార్వా (ఖరీఫ్), ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా (రబీ) ధాన్యం లారీలు గేటు ముందు బారులు తీరతాయి. అప్పుడు మిల్లు ఆపితే రైతు పక్క మిల్లుకి పోతాడు, మళ్లీ రాడు. సెప్టెంబరులో బిగించుకో.

బిగించకముందే ఇప్పటి అంకెలు పదిహేను రోజులు రాయించు. క్వింటా ధాన్యానికి బియ్యం, నూక, తవుడు ఎంతెంత వస్తున్నాయి, కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతోంది, లారీ లోడుకి ఎంతసేపు పడుతోంది. దాళ్వా గింజ ఎండకి పగిలి నూక ఎక్కువవుతుంది కాబట్టి దాన్ని సార్వాతో పోల్చకు. ప్రభుత్వం ఆడించమని ఇచ్చే ధాన్యానికి పచ్చి బియ్యం నూటికి 67 కేజీలు, ఉప్పుడు బియ్యం 68 అప్పజెప్పాలి కదా. మార్పు గందరగోళంలో నూటికి ఒక్క కేజీ జారినా వెయ్యి క్వింటాళ్ల ధాన్యానికి పది క్వింటాళ్ల బియ్యం నువ్వు కొని పెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి. బస్తాలు మోసే హమాలీల జట్టుకి బస్తా లెక్కన కూలి. మిషను కుదురుకునేదాకా బస్తాలు తగ్గుతాయి, వాళ్ల కూలీ తగ్గుతుంది. పైకి ఏమీ అనరు, ఒక్కొక్కరే జారుకుంటారు. నెల రోజులు పాత సగటు కూలికి తక్కువ కాకుండా ఇస్తానని మేస్త్రీకి అందరి ముందూ ముందే చెప్పు. ఆ డబ్బు మిషను ఖరీదులో కలిపేసుకో.

పొట్టు తీసే రబ్బరు రోలర్ల చప్పుడు విని బిగుతు చెప్పే ఆపరేటరుని కంపెనీ కుర్రాడి వెనకాల నిలబెట్టకు, మొదటి రోజునుంచీ మీటలు అతని చేతికే ఇవ్వు. సార్టెక్సు రంగు మారిన గింజని గాలితో పక్కకి కొడుతుంది. ఆ గాలిలో తేమో నూనో ఉంటే నాజిళ్లు మూసుకుపోయి నల్ల గింజ మంచి బియ్యంలోకి వచ్చేస్తుంది. మన డెల్టా గాలికి ఎయిర్ డ్రయర్ లేకుండా పని జరగదు, అక్కడ పిసినారితనం వద్దు. కంప్రెసరు ట్యాంకులో నీళ్లు రోజూ వదిలించు. సెట్టింగు మరీ బిగిస్తే మంచి గింజా రిజెక్షన్‌లోకి పోతుంది. అందుకని పూటకోసారి రిజెక్షన్‌లో 100 గ్రాములు తీసి, మంచి గింజ ఏరి తూచి, పలక మీద ఆపరేటరు చేతే రాయించు. నువ్వు రాస్తే అది తనమీద నిఘా అనుకుంటాడు.

కంప్యూటరు వంతు వచ్చాక గుమాస్తా చేత చిట్టా, కంప్యూటరూ నెల రోజులు రెండూ రాయించు, సాయంత్రానికి సరిపోవాలి. చిట్టా మూసే తేదీ ముందే చెప్పేయ్, లేకపోతే రెండూ ఏళ్ల తరబడి సాగుతాయి. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే వేసే కోత ఇన్నాళ్లూ నోటిమాట. రసీదు మీద అచ్చయితే రైతుకి అది కొత్త కోతలా కనిపిస్తుంది. తేమ మీటరు అతని కళ్లెదుటే పెట్టించు.

మొదటి మూడు వారాలు అంకెలు పడితే కంగారుపడకు. ఆరో వారానికీ లేవకపోతే మిషనుని తిట్టకుండా, రిజెక్షన్ పలకా జట్టు హాజరూ పక్కపక్కన పెట్టి చూడు.

కంపెనీవాళ్లు వచ్చే తేదీ ఖాయమవగానే రాయి. మిషను కింద దిమ్మ అంతకు నాలుగు వారాల ముందే పోయించి తడపాలి.

మావయ్య