నది ముందు, ఇల్లు తరువాత

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నాలుగు రోజులు సెలవు దొరికిందనీ, ఒహాయో నది వెంబడి తొలినాటి వలస కుటుంబాల ఇళ్ళు చూడాలనుందనీ రాశావు. మా ఊరు కొలంబస్‌కి వచ్చిన చుట్టాలందరినీ ఇన్నేళ్ళూ అటే తిప్పినవాణ్ణి కాబట్టి, నాకు తోచింది చెప్తాను.

మారియెట్టా అనే ఊరితో మొదలుపెట్టు. కొలంబస్ నుంచి కారులో రెండు గంటల పైచిలుకు. ఊళ్ళోకి దిగగానే మ్యూజియంకి పరుగెత్తకు. ముందు మస్కింగమ్ నది వచ్చి ఒహాయోలో కలిసే చోట కాసేపు కూర్చో. 1788 ఏప్రిల్ 7న రూఫస్ పుట్నమ్ నాయకత్వంలో 48 మంది వలసవాళ్ళు పడవల్లో దిగింది ఆ సంగమం దగ్గరే. గోదావరి గట్టున పెరిగినవాణ్ణి కదా, నాకు నీళ్ళు చూడందే ఊరు అర్థం కాదు. ఇక్కడ మాత్రం అది ఉత్త చాదస్తం కాదు. ఈ ఇళ్ళల్లో కొన్నింటి చెక్క నది మీదే తేలి వచ్చింది.

నదికి ఎగువన, పిట్స్‌బర్గ్ వైపు, కుటుంబాలు అడుగు చదునుగా ఉండే పెద్ద పడవ ఒకటి కొనుక్కునేవి. ఆవు, కోళ్ళు, విత్తనాలు, పిల్లలు, అన్నీ అందులోనే. వాలుకి దిగడమే తప్ప ఆ పడవ ఏటికి ఎదురెక్కలేదు. అందుకని చేరాక దాన్ని విప్పేసి, ఆ పలకల్నే నేలకీ గోడలకీ తలుపులకీ వాడుకునేవారు. ఏ పాత ఇంట్లోకి వెళ్ళినా 'ఇక్కడ పడవ చెక్క ఏమైనా ఉందా?' అని గైడ్‌ని అడిగి చూడు. మొహం వెలిగిపోతుంది.

తరవాత క్యాంపస్ మార్షియస్ మ్యూజియం. పుట్నమ్ ఇల్లు కట్టిన చోటే ఉంది, దాని చుట్టూ మ్యూజియం కట్టారు. ఒకప్పుడు అది ఒక్కో వైపు 180 అడుగులుండే కోటలో భాగం. విడిగా ప్రహరీ కాదు, వరసగా కట్టిన ఇళ్ళే కోటగోడ. అంత భయం దేనికో కూడా అడుగు. ఆ నేల డెలావేర్, షానీ మొదలైన అమెరికా ఆదివాసీ ప్రజలది. వాళ్ళు దాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. 1791 జనవరిలో మస్కింగమ్ ఎగువన బిగ్ బాటమ్ అనే వలసవాళ్ళ ఊరి మీద వాళ్ళు దాడి చేశారు. 1795లో వాళ్ళతో గ్రీన్‌విల్ శాంతి ఒప్పందం కుదిరే దాకా యుద్ధమే. కొందరు గైడ్లు వలసవాళ్ళ ధైర్యం చెప్పి ఊరుకుంటారు. నువ్వు ఊరుకోకు. దగ్గర్లో మౌండ్ శ్మశానం ఉంది. పుట్నమ్ సమాధి అక్కడే. ఆయనకి ఎన్నో వందల ఏళ్ళ ముందటి మనుషులు పోసిన మట్టిదిబ్బ ఆ శ్మశానం మధ్యలో ఉంటుంది. తప్పకుండా చూడు.

ఇక దుంగల ఇళ్ళు ఎక్కడ కనపడ్డా మూలలు చూడు. గుండ్రటి దుంగలు అలాగే పేర్చేశారంటే తొందరగా తలదాచుకోవడానికి కట్టుకున్నది. గొడ్డలితో చదునుగా చెక్కి మూలల్లో బిగువుగా కూర్చారంటే అక్కడే స్థిరపడదామనుకున్న ఇల్లు. సందుల్లో చెక్కముక్కలూ రాళ్ళూ కుక్కి పైన మట్టి మెత్తేవారు. పేద ఇళ్ళల్లో పొగగొట్టం కూడా పుల్లలతో కట్టి మట్టి పూసిందే. దాన్ని ఇంటికి కాస్త ఎడంగా వాల్చి కర్రలు ఊతంగా పెట్టేవారట, నిప్పంటుకుంటే కర్రలు లాగేసి అవతలికి తోసెయ్యడానికి! ఇది విన్నాక మా ఆవిడ మా వంటిల్లు గురించి ఇంకో మాట అనలేదు.

చూసిందల్లా అసలుదని మాత్రం నమ్మకు. పార్కర్స్‌బర్గ్ నుంచి పడవలో బ్లెనర్‌హాసెట్ దీవికి వెళ్తే గొప్ప భవనం చూపిస్తారు. బాగుంటుంది, కాని అసలుది 1811లో కాలిపోయింది, ఇప్పుడున్నది తరవాత కట్టిన నకలు. కెంటకీలో అమెరికా అధ్యక్షుడు లింకన్ పుట్టిన చోట గ్రానైటూ పాలరాయీతో కట్టిన గుడిలాంటి కట్టడంలో చిన్న దుంగల ఇల్లుంది. లింకన్ పుట్టింది 1809లో. దుంగల వయసు పరీక్షిస్తే 1840ల నాటివని తేలింది. నాకైతే ఇండియానాలో లింకన్ చిన్ననాటి చోటే నచ్చింది. 1816లో ఆ కుటుంబం ఒహాయో దాటి అక్కడికి చేరింది. రెండేళ్ళకి, విషపు మొక్క మేసిన ఆవుల పాల వల్ల వచ్చే జబ్బుతో తల్లి పోయింది. అప్పటికి పిల్లాడికి తొమ్మిదేళ్ళు. ఇల్లు మిగల్లేదు. పునాది దుంగలకీ పొయ్యి రాళ్ళకీ కంచులో పోసిన రూపం మాత్రం నేల మీద ఉంటుంది. దాని పక్కన నిలబడి గది ఎంత చిన్నదో చూడు.

బయల్దేరే ముందు మ్యూజియం తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కో. నేనోసారి అంత దూరం వెళ్ళి తాళం చూసొచ్చాను, మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది. దారిలో తినడానికి పులిహోర కలపమని మీ ఆవిడని అడక్కు, నువ్వే కలుపు.

మీ మామయ్య