ఇంట్లో తాంబూలం పండట్లేదు, నాలుక పొక్కింది: సమాధానం

ఇంట్లో తాంబూలం పండట్లేదు, ఆకు మార్చాలా అని అడిగారు. తప్పు ఆకుది కాదు, సున్నం పాళ్లది. పెళ్లి భోజనాల్లో ఎర్రగా పండే నోరు ఇంట్లో పండట్లేదని మీరు సున్నం పెంచారు. నాలుక పొక్కింది అందుకే. వన్‌టౌన్‌లో కొన్న పొన్నూరు ఆకు మార్చక్కర్లేదు.

వక్కలో, కవిరిలో (కాచులో) ఉండే టానిన్లనే వగరు పదార్థాలు సున్నంతో కలిస్తేనే ఆ ఎరుపు. మీరు తాంబూలంలో వేస్తున్నామని రాసిన వాటిలో కవిరి లేనే లేదు.

1. పొక్కులు తగ్గేదాకా తాంబూలం ఆపండి.

2. ఆకు కడిగి, తడి తుడిచి, తొడిమ, కొస తుంచేయండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. పెసరగింజంత సున్నం తీసుకుని ఆకు వెనకవైపు, ఈనెల మీద, వేలితో పల్చగా సాగదీయండి. కింద ఆకుపచ్చ కనబడుతూనే ఉండాలి. తెల్లగా ముద్ద మిగిలితే గీకేయండి, నోటిని కాల్చేది ఆ ముద్దే. మా అమ్మమ్మ వేలికి మిగిలిన సున్నాన్ని గోడకు రాసేది. గుంటూరు ఇంట్లో ఆ మరకలు ఇంకా ఉన్నాయి.
డబ్బాలో సున్నం గట్టిపడితే కాసిని నీళ్లు కలిపి మెత్తగా చేయండి. పలుకులు పలుకులుగా ఉంటే సాగదు.

4. చిటికెడు కవిరి, నాలుగు వక్క పలుకులు వేసి మడిచి నమలండి. ఎరుపు నమిలేకొద్దీ వస్తుంది.

రోజూ అలవాటుగా మాత్రం వద్దు. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నాటి నివేదికలో చెప్పింది. రెండు వారాలకూ పుండు మానకపోయినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా డెంటిస్టుకు చూపించండి.