సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే, గట్టిమేళం పోతే మాత్రం తిరిగి రాదు

"డిగ్రీ అయిపోయిన మా తమ్ముడు ఫోటో, ఆడియో, వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. ముందు ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టమంటారు?" అని అడిగారు.

ఏదైనా ఫర్వాలేదండీ. డబ్బు పెట్టక్కర్లేకుండా ఫోటోలకి గింప్ ఉంది, సౌండుకి ఆడాసిటీ ఉంది, వీడియోకి డావిన్సీ రిజాల్వ్ ఉంది. మీ ప్రశ్న అక్కడితో అయిపోయింది. పన్నెండేళ్లుగా విశాఖపట్నంలో పెళ్లి వీడియోలు తీస్తున్నవాణ్ణి కాబట్టి మీరు అడగని సంగతి చెబుతాను.

నేనూ ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలలు నేర్చుకున్నాను. ఏ మెనూలో ఏ బటన్ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పిక్సెల్ అంటే ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫీజు కట్టినవాణ్ణి, నేనైనా అడగాలి కదా, అడగలేదు.

ఆ కొత్తలోనే మా పెద్దమామయ్య కూతురి పెళ్లి. గోపాలపట్నంలో కల్యాణమండపం. "బయటోడెందుకురా, నువ్వున్నావు కదా" అన్నాడు మామయ్య. అంటే డబ్బులివ్వడని, అది వేరే సంగతి. పంతులుగారిది బాగా మెత్తని గొంతు. మంత్రాలు వినపడాలని ఆయన పక్కన రికార్డరు పెట్టి లెవెల్ బాగా పెంచేశాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే ఉద్ధరిణెతో నీళ్లు పోస్తున్న చప్పుడు కూడా పడుతోంది. నా అంతవాడు లేడనుకుని హెడ్‌ఫోన్ తీసేసి కెమెరా పట్టుకున్నాను.

జీలకర్రబెల్లం వేళకి పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అన్నారు. రెండు డోళ్లు, రెండు సన్నాయిలు ఒక్కసారిగా లేచాయి. శబ్దం హద్దు దాటిందని చెప్పే ఎర్ర లైటు రికార్డరు మీద వెలిగే ఉంటుంది. నేను మాత్రం పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ చూసుకుంటున్నాను.

ఇంటికెళ్లి వింటే సన్నాయి లేదు, డోలు లేదు. రేకుల షెడ్డు మీద కంకర పోసినట్టు ఒకటే బరబర. వాల్యూమ్ తగ్గిస్తే చిన్న బరబర. తెలిసిన ఫిల్టర్లన్నీ వేసి తెల్లవార్లూ కూర్చుంటే అర్థమైందేమిటంటే, నాకు అసలేమీ రాదని.

ఆ తర్వాత నేర్చుకున్నది ఇది. వీడియోల్లో శబ్దాన్ని సాధారణంగా సెకనుకి 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనీ ఒక అంకెగా రాసుకుంటారు. మనిషి చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 20,000 కంపనాల దాకా వింటుంది, దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ సార్లు కొలిస్తే చాలు. సీడీకి 44,100 అందుకే. ఒక్కో అంకెకి 16 బిట్ల చోటిస్తే ఆ అంకె −32,768 నుంచి 32,767 లోపే ఉండాలి. డోలు అంతకంటే గట్టిగా మోగితే అంకె అక్కడే ఆగిపోతుంది. స్క్రీన్ మీద అల చూస్తే తలలన్నీ నరికేసి చదును చేసినట్టుంటాయి. రాసుకోని అంకెని ఏ బటనూ తీసుకురాలేదు. ఇప్పుడు ఇంకా చాలా పెద్ద అంకెలు కూడా రాసుకోగల 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చి ఈ బాధ చాలావరకు తగ్గింది గానీ, మైకే ఆ మోత తట్టుకోలేకపోతే అవీ కాపాడవు.

ఫోటోల గోల ఇంకోటి. "ఆల్బమ్‌లో 12 ఇంటూ 36 అంగుళాల షీటు నిండా మా నాన్నగారి ఫోటో వెయ్యండి" అంటారు. పంపేది వాట్సాప్‌లో. మామూలుగా పంపితే అది పొడవు వైపు 1600 పిక్సెళ్లకి, అంటే 1600 రంగు చుక్కలకి కుదించేసేది. దాన్ని 36 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 44 వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకి 300 ఉండాలి. "క్లారిటీ పెంచండి సార్" అంటారు. ఎక్కడి నుంచి పెంచను? కుదించకుండా వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండమ్మా అంటే మళ్లీ అదే ఫోటో, ఈసారి గుడ్ మార్నింగ్‌తో. మెగాపిక్సెళ్లు చూసి ఫోన్లు కొనేవాళ్లంతా చివరికి పంపేది ఇదే.

వీడియో అయితే ఇంకా విచిత్రం. ఫ్రేము అంటే వీడియోలో ఒక్కో బొమ్మ. 1920 ఇంటూ 1080 పిక్సెళ్ల ఫ్రేము, పిక్సెల్‌కి మూడు బైట్లు, సెకనుకి 25 ఫ్రేములు. లెక్కేయండి, సెకనుకి 155 ఎంబీ. పెళ్లంతా పెన్‌డ్రైవ్‌లో పట్టిందంటే, ప్రతి ఫ్రేమునీ పూర్తిగా రాయకుండా చాలావరకు ముందు ఫ్రేముకీ దీనికీ మారినదాన్నే రాసుకోవడం వల్ల. అందుకే పంతులుగారు కూర్చున్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉండి, తలంబ్రాలు పోసేసరికి గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. ఒక్కో బియ్యపు గింజా ఒక్కో వైపు ఎగురుతుంటే మారనిదేముంది? ఆర్కే బీచ్‌లో అలల ముందు తీసే ప్రీవెడ్డింగులకీ అదే తిప్పలు. బిట్‌రేట్, అంటే సెకనుకి రాసుకునే డేటా, పెంచాలని మీ తమ్ముడికి తెలియాలంటే ఇది తెలియాలి. మొదటి నెల సాఫ్ట్‌వేర్ తెరవనివ్వకండి, ఫోన్‌తో ప్రెషర్ కుక్కర్ విజిల్ రికార్డు చేయించండి, దగ్గర్నుంచి ఒకసారి, హాల్లోంచి ఒకసారి.

ఆ గట్టిమేళం ఏమైందంటారా? వెనక వరసలో కూర్చున్న మా పిన్ని కొడుకు ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి దొరికింది. దూరం కాబట్టి సన్నాయి శుభ్రంగా పడింది. డోలు మొదటి దెబ్బకి సరిచూసుకుని అతికించేశాను. పక్కనే ఎవరి పిల్లాడో గుక్కపెట్టి ఏడుస్తున్నాడు, దాన్ని తీయడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ ఆ వీడియో వేసినప్పుడల్లా మా అత్త అడుగుతుంది, "ఏడుస్తున్న ఆ గుంటడెవడ్రా, కనిపించడేటి?" అని.