అండాశయంలో బుడగ ఉంటే గర్భసంచి ఎందుకు తీయాలి?

"మా అక్కకు 38 ఏళ్లు. స్కానింగ్‌లో కుడి అండాశయంలో 4 సెంటీమీటర్ల నీటిబుడగ ఉందన్నారు, గర్భసంచి తీయించుకోమంటున్నారు, తీయించాలా?" అని అడిగారు.

ముందు మీరు వాళ్లను అడగండి: బుడగ ఉన్నది అండాశయంలో అయితే గర్భసంచి చేసిన పాపం ఏమిటి? నేను ఇదే అడిగినందుకు మా హాలియా వైపు ఆర్‌ఎంపీ గారు ఇప్పటికీ ముఖం తిప్పుకుని పోతారు.

నాకు పొత్తికడుపులో నొప్పి వస్తే నల్గొండలో ఫలానా స్కానింగ్ కేంద్రానికే వెళ్లాలని చీటీ రాసిచ్చింది ఆయనే. మూత్రం నిండుగా ఉంటేనే స్కానింగ్ చేస్తామన్నారు. సీసాడు నీళ్లు తాగి కూర్చున్నాక, డాక్టరు గారు భోజనానికి వెళ్లారని చల్లగా చెప్పారు. కాళ్లు ముడుచుకుని, గోడ మీది "లింగ నిర్ధారణ చేయబడదు" బోర్డును ఎన్నిసార్లు చదివానో! ఆపుకోలేక వెళ్లివస్తే మళ్లీ నీళ్లు తాగమన్నారు. ఆడవాళ్లకు ఇంట్లో పని ఉండదనుకుంటారో ఏమో, వంతు ఎప్పుడొస్తుందో చెప్పే దిక్కే లేదు.

ఆ రిపోర్టు పట్టుకుని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే, డాక్టరు నా పొట్ట మీద చెయ్యి పెట్టకముందే బయట కూర్చున్న అబ్బాయి ఆపరేషన్ ఖర్చు, గది అద్దె లెక్క చెప్పేశాడు. లోపల "పిల్లలు ఉన్నారు కదా, సంచి తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు" అన్నారు. ఇంటికొస్తే మా అత్తమ్మ "పత్తి ఏరడం అయ్యాక తీయించుకుందువులే" అని ముహూర్తం కూడా పెట్టేశారు. ఆమెకూ, ఆమె తోడికోడళ్లకూ అలాగే తీసేశారు మరి.

ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరమ్మ మాత్రం రిపోర్టు చదివి, "లోపల నీళ్లే ఉన్నాయి, గోడ పలుచగా ఉంది, రెండు మూడు నెలసరులు పోయాక మళ్లీ చూద్దాం" అన్నారు. మళ్లీ చూసేసరికి బుడగ లేదు. నెలనెలా అండం పెరిగే తిత్తి పగలకుండా నిలిచిపోతే ఇలాంటివి వస్తాయి, చాలావరకు వాటంతట అవే పోతాయి. నెలసరి వస్తున్నవాళ్లలో 5 సెంటీమీటర్ల లోపు ఉన్న ఉత్త నీటిబుడగకు సాధారణంగా కోత అవసరం ఉండదు.

అన్నీ అలా పోవు, అది నిజమే. వెంట్రుకలు, పళ్లు కూడా ఉండే డెర్మాయిడ్ కరగదు. పాత రక్తం నిండే చాక్లెట్ సిస్టు వేరే కథ. నెలసరి ఆగిపోయిన వాళ్లకైతే క్యాన్సర్ అనుమానం ఉందేమో చూడటానికి సీఏ-125 అనే రక్తపరీక్ష కూడా చేస్తారు. ఆపరేషన్ తప్పకపోయినా, ఈ వయసులో చాలాసార్లు అండాశయాన్ని ఉంచి బుడగ ఒక్కటే తీయవచ్చు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు, తెలంగాణలో 7 శాతం పైచిలుకు. అవసరం లేని ఈ ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం చిన్న వయసులోనే మొదలవుతాయి. మా ఊళ్లో నలభై దాటని ఆడవాళ్లు మోకాళ్లు పట్టుకుని లేస్తున్నారంటే కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చని నా అనుమానం. నల్గొండ కదా, ఎవరిని అడిగినా ఫ్లోరైడ్ అంటారు. అన్నీ ఫ్లోరైడ్ నెత్తిన రుద్దితే ఎలా?

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండవచ్చు. అర్ధరాత్రయినా పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి. అదేమీ లేకపోతే ఆపరేషన్ తేదీ ఒప్పుకోకుండా, ఆ రిపోర్టును ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. అందులో "సింపుల్" (ఉత్త నీటిబుడగ) అని ఉందా, "కాంప్లెక్స్" (లోపల అడ్డుగోడలో గట్టి భాగాలో ఉన్నది) అని ఉందా? చూసి ఇక్కడే రాయండి.