ఐరన్ మాత్రలతో బిడ్డ నల్లగా పుడుతుందా?

ప్రశ్న: అనంతపురం దగ్గర పల్లెలో ఉన్న మా చెల్లెలికి ఐదో నెల. బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారు ఐరన్ మాత్రలు మాన్పించారు. నిజమేనా?

కాదండీ. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. ఈ మాత్రలతో నల్లబడేది మలం ఒక్కటే. ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది. బహుశా ఈ భయం అక్కడే పుట్టి ఉంటుంది.

గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. కాన్పులో రక్తం ఎక్కువగా పోతే అలాంటి తల్లికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే 2018లో మొదలైన ప్రభుత్వ రక్తహీనత నివారణ కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ కింద నాలుగో నెల నుంచి రోజుకొక మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి.

టీ, కాఫీతో వేసుకుంటే సగం వృథా. నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది. కాల్షియం మాత్రకు రెండు గంటల ఎడం ఇవ్వాలి. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనండి. రాగిసంగటి, శెనక్కాయలు మంచివే కానీ మాత్రకు బదులు కావు.

ఇదంతా మాత్ర ఇచ్చేటప్పుడే, ఇంట్లోవాళ్ల ఎదుటే ఆరోగ్య సిబ్బంది చెప్పాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ఈసారి అత్తగారిని కూడా వెంట రమ్మనండి.