యాంత్రికశాస్త్రంలో వ్యవస్థ చలనాన్ని వర్ణించే హామిల్టోనియన్ అనే రాశి ఎప్పుడూ మొత్తం శక్తికి సమానమేనా?

కాదు; కణాల స్థానాలను మనం ఎంచుకున్న నిరూపకాలలో రాసినప్పుడు ఆ సంబంధంలో కాలం నేరుగా కనిపించకుండా, స్థితిజశక్తి వేగంపై ఆధారపడకుండా ఉంటేనే ఆ సమానత్వానికి హామీ ఉంటుంది. కారణం నిర్వచనంలోనే ఉంది. గతిజశక్తి నుంచి స్థితిజశక్తిని తీసివేయగా వచ్చే రాశి లగ్రాంజియన్; ఒక నిరూపకం మారే వేగాన్ని బట్టి అది మారే రేటు ఆ నిరూపకపు సాధారణీకృత ద్రవ్యవేగం. ప్రతి సాధారణీకృత ద్రవ్యవేగాన్ని దానికి చెందిన వేగంతో గుణించి, ఆ లబ్ధాలను కూడి, లగ్రాంజియన్‌ను తీసివేస్తే హామిల్టోనియన్ వస్తుంది. గతిజశక్తిలో వేగాల వర్గ పదాలు మాత్రమే ఉన్నప్పుడు ఆ లబ్ధాల మొత్తం గతిజశక్తికి సరిగ్గా రెట్టింపు అవుతుంది కనుక, తీసివేత తరువాత గతిజ, స్థితిజశక్తుల మొత్తం మిగులుతుంది.

క్షితిజ సమాంతర తలంలో మోటారు స్థిర కోణీయ వేగంతో తిప్పుతున్న నున్నని కడ్డీపై జారే పూసను తీసుకోండి. కడ్డీ వెంట కదలిక వల్ల ఒక గతిజశక్తి, భ్రమణం వల్ల మరొకటి ఉంటాయి. మొత్తం శక్తి ఆ రెండింటి కూడిక. హామిల్టోనియన్ మాత్రం మొదటిదాని నుంచి రెండవదాన్ని తీసివేయగా వచ్చేది. పూస బయటికి జారేకొద్దీ మోటారు దానిపై పని చేస్తుంది కనుక శక్తి పెరుగుతుంది, హామిల్టోనియన్ మారదు.

స్థిరంగా ఉండే హామిల్టోనియన్ శక్తే అయి ఉండాలనుకోవడం సాధారణ అపోహ. పాఠాల్లో ఎక్కువగా ఎదురయ్యే లోలకం, స్ప్రింగు లెక్కల్లో రెండూ ఒకటే కావడం దీన్ని బలపరుస్తుంది. నిజానికి లగ్రాంజియన్‌లో కాలం నేరుగా లేకపోతే చాలు, హామిల్టోనియన్ స్థిరంగా ఉంటుంది; అది శక్తి అవునా కాదా అన్నది వేరుగా పరీక్షించవలసిన విషయం.